థెర్సోన్ కుడి చెయ్యి

పెరాస్సా
బార్లీ కోతల మాసం, ఐదో నాడు

అన్నయ్య జోయిలోస్‌కు చెల్లెలు మెలిత్తా రాయునది. నువ్వు కులాసాగా ఉంటే మంచిదే, నేనూ బాగానే ఉన్నాను. నీ పేరు చెప్పి రోజూ దేవుళ్ళకు దణ్ణం పెట్టుకుంటున్నాను. నువ్వు పెట్టవని తెలుసు, అందుకే నీ వంతు కూడా నేనే పెడుతున్నాను.

చలికాలంలో వచ్చిన భూకంపం సంగతి స్ముర్నా దాకా తెలిసే ఉంటుంది. మా ఇల్లు నిలబడింది. పడమటి గోడ బీటలిచ్చింది, అంతే. కానీ థెర్సోన్ గుడి పైకప్పు మొత్తం కూలింది. దూలం సరిగ్గా ఆయన విగ్రహం మీదే పడింది. మూడు వందల ఏళ్ళ ఒలీవు కొయ్య, పొడి పొడి అయిపోయింది. రెండు రోజులు చేటతో ఏరాను. అతికించడానికి ఏమీ మిగల్లేదు. ఎదుటి గోడకున్న కంచు అద్దం మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడు అందులో ఖాళీ గూడు కనిపిస్తోంది.

అసలు విషయం ఇది. మన ఊరికి రాగి నాణేలు కొట్టించుకోవడానికి అనుమతి వచ్చింది. మొదటి వైపు చక్రవర్తి తల. రెండో వైపు మన ఇష్టం. ఊరి సభ కూర్చుంది. ఖర్చంతా పెట్టుకుంటున్న పొలెమాస్ లేచి హెరాక్లీస్‌ని వేయిద్దామన్నాడు. "లోకమంతా ఎరిగిన వీరుడు. మన ఒంటిచేతివాణ్ణి వేస్తే పొరుగున తబ్రయా ఊరివాళ్ళు పడీ పడీ నవ్వుతారు. ఇప్పటికే మనల్ని పుర్రచేతి ఊరు అంటున్నారు" అన్నాడు.

ఆడవాళ్ళు సభలో మాట్లాడకూడదు గానీ, గుడి చూసుకునేదాన్ని కాబట్టి గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. అక్కణ్ణుంచే అరిచాను. "ఊరి తలుపు గడియ విరిగినప్పుడు కొండవాళ్ళు లోపలికి రాకుండా గడియ బదులు చెయ్యి పెట్టింది హెరాక్లీస్ కాదు బాబూ! ఆ చెయ్యి లేకపోతే నీ ముత్తాత పుట్టేవాడే కాదు!" అన్నాను. సభ నవ్వింది. చివరికి ఒప్పుకున్నారు. ద్రాక్ష మాసంలో ఆయన ఉత్సవం నాటికి థెర్సోన్ నాణెం చేతికొస్తే సరి. రాకపోతే హెరాక్లీసే.

అన్నయ్యా, ఆయన్ని ఇక ఎవరు చెక్కుతారు చెప్పు? ఆయన్ని నేరుగా చూడకూడదు కాబట్టి ఊరంతా ఆయనకు వీపు పెట్టి అద్దంలో చూసినవాళ్ళే. ఎదురుగా చూసినవాళ్ళం భూమ్మీద ఇద్దరమే మిగిలాం. కడిగి తుడిచేదాన్ని కాబట్టి నేను. తొమ్మిదేళ్ళ వయసులో గుళ్ళో దూరి, పెంకు మీద ఆయన బొమ్మ గీసి, నాన్న చేత వీపు చిట్లేలా దెబ్బలు తిన్నవాడివి కాబట్టి నువ్వు.

కుడి చెయ్యి మోచేతి పైనుంచి ఉండదు. గుర్తుందిగా?

నీ చెల్లెలు.

*

స్ముర్నా
బార్లీ కోతల మాసం, ఇరవై రెండో నాడు

చెల్లెలు మెలిత్తాకు జోయిలోస్ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం ఎప్పుడూ కోరుతుంటాను.

గుడి సంగతి విని మనసు కలుక్కుమంది. ఉన్ని వర్తకుడి చేత వంద నాణేల సంచి ఒకటి పంపుతున్నాను. కప్పు వేయించు.

నాణెం మాటకొస్తే, పొలెమాస్ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాణేలు కొట్టే మా కమ్మటంలో హెరాక్లీస్ పది ఊళ్ళకు చెక్కాం. సింహం తోలు, గద, నిలబడే తీరు, అన్నీ చేతికి వచ్చిన పని. నీకో రహస్యం చెప్పనా? చక్రవర్తి తల అచ్చు కూడా ఊరూరికీ వేరే ఉండదు. ఒకే అచ్చుతో మూడు నాలుగు ఊళ్ళకు కొట్టేస్తాం. నాణెం తిప్పితేనే ఎవరి ఊరో తెలిసేది.

థెర్సోన్‌ని వేయించాలనే పట్టుదల ఉంటే డాలు అడ్డం పెట్టి చెయ్యి లేనిచోటు దాచెయ్యమను. కుర్రవాళ్ళు బాగా చేస్తారు, ఎవరికైనా అప్పగిస్తాను. నన్ను మాత్రం అడగకు.

జోయిలోస్.

*

పెరాస్సా
గోధుమ కోతల మాసం, మూడో నాడు

అన్నయ్యకు మెలిత్తా రాయునది.

ఎవరు రాశారు ఆ ఉత్తరం? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, నీవి కావు. నీవి చీమలు సిరాలో పడి లేచినట్టుండేవి. చెల్లెలికి నాలుగు ముక్కలు రాయడానికి రాతగాణ్ణి పెట్టుకునేంత గొప్పవాడివి అయ్యావన్నమాట! సంతోషం. సంచి అందింది. తిరిగి పంపేద్దామనుకున్నాను, గుడికి కప్పు లేదు కాబట్టి రోషం మింగి వాడాను.

డాలు అడ్డం పెడతావా? ఆయన దాచుకోని చెయ్యిని నువ్వు దాస్తావా?

మొన్న పున్నమికి ఏం జరిగిందో చెబుతాను, విను. అలవాటు ప్రకారం జనం వచ్చారు. గూటికి వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. ఎడమ చేత్తో పాలు పోశారు. నేను అద్దం మీద గుడ్డ తీశాను. అందరూ తలెత్తి చూశారు. అద్దంలో వాళ్ళ మొహాలు, వాళ్ళ వెనక ఉత్త గోడ. మన పక్కింటి లల్లా అవ్వ తెలుసుగా, ఎనభై ఏళ్ళది, ఆవిడే అంది, "గుడ్డ కప్పెయ్యవే తల్లీ. చచ్చిపోయినవాడి మంచం చూసినట్టుంది" అని. కప్పేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. రాయడానికి సిగ్గుపడను, ఏడ్చాను.

ఈ ఉత్సవానికి కూడా ఆయన రాకపోతే పై ఏటికి సగం మంది రారు. ఆ పైన గూట్లో హెరాక్లీస్‌ని నిలబెడతారు. నా కళ్ళముందే మన ఊరి వీరుడు ఊరికి ఎవరూ కాకుండా పోతాడు. నాన్న, తాత, ముత్తాత కాపాడుకొచ్చింది నా చేతిలో ఆరిపోతుంది. నిజానికి ఆ గుడి కొడుకుగా నీకు రావలసింది. నువ్వు పోయావు కాబట్టి నాకొచ్చింది.

ఉన్ని వర్తకుడు ఒక మాట చెప్పాడు. తబ్రయా వాళ్ళ నాణేలు కూడా మీ కమ్మటంలోనే తయారవుతున్నాయట. ఓహో, అదన్నమాట! వాళ్ళ ముందు పుర్రచేతి ఊరివాణ్ణని చెప్పుకోవడానికి నామోషీ కాబోలు. నాన్న పోయినప్పుడు వచ్చావే, అప్పుడే అర్థమైంది నాకు. ఇంటి తలుపు కుడి చేత్తో తట్టావు, పరాయివాడిలా. ఈ ఊళ్ళో పసిపిల్లలు కూడా ఎడమ చేత్తోనే తడతారు. లోపలున్నవాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

రాస్తావో, చెక్కుతావో, మానేస్తావో నీ ఇష్టం. జవాబు మాత్రం నీ చేత్తో రాయి.

మెలిత్తా.

*

స్ముర్నా
గోధుమ కోతల మాసం, పదిహేడో నాడు

మెలిత్తాకు జోయిలోస్.

చెక్కుతాను. నేనే చెక్కుతాను. ద్రాక్ష మాసం మొదటికి సంచులు మీకు చేరతాయి. మధ్యలో ఎలా ఉందని అడగొద్దు.

ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆయనకు కోపం ఎక్కువని చిన్నప్పుడు అనేవాళ్ళు. ఎదురుగా చూసినవాళ్ళను ఊరికే వదలడని. అలా ఎవరికైనా ఏమైనా అయినట్టు నువ్వు విన్నావా?

రాతగాడి విషయం, నన్ను మన్నించు.

జోయిలోస్.

*

పెరాస్సా
అత్తిపండ్ల మాసం, రెండో నాడు

అన్నయ్యకు మెలిత్తా రాయునది.

చెక్కుతానన్నందుకు వెయ్యి దణ్ణాలు. సభకు చెప్పాను. పొలెమాస్ మొహం చూడాలి, నిమ్మకాయ కొరికినట్టు పెట్టాడు.

కానీ ఆ ప్రశ్న ఏమిటి? పెద్ద ఊళ్ళో బతికేవాళ్ళకు మా భయాలు వేళాకోళంగా ఉంటాయని తెలుసు. విన్నాను, ఎందుకు వినలేదు! ఎవడో చూసి గుడ్డివాడయ్యాడట, ఎవడిదో నాలుక పడిపోయిందట. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నవ్వుకోవడానికి ఇంకా కావాలంటే లల్లా అవ్వనడుగు, తెల్లారేదాకా చెబుతుంది. మళ్ళీ రాతగాడేనా! పోనీలే, పని జరిగితే చాలు.

ఎండు అత్తిపండ్లు పంపుతున్నాను. మన పెరటివే.

మెలిత్తా.

*

పెరాస్సా
ద్రాక్ష మాసం, ఆరో నాడు

జోయిలోస్‌కు మెలిత్తా.

సంచులు ఇవాళ పొద్దున వచ్చాయి. సభకు చూపకముందే, గుడిదాన్ని కాబట్టి నాకు ఒక నాణెం చేతికిచ్చారు. ఇంటికి తెచ్చుకుని తలుపేసుకుని చూశాను.

మొహం ఆయనదే. ఆ చెవి మీద పడే జుట్టు, ఆ కొంచెం వంగిన మెడ. అంతలో చెయ్యి చూశాను.

ఎడమ చెయ్యి లేదు. కుడిది ఉంది. ఎడమది లేదు!

నలభై ఏళ్ళు అచ్చులు చెక్కినవాడివి. అచ్చులో కుడి నాణెం మీద ఎడమవుతుందని పనిలో చేరిన మొదటి రోజున నేర్చుకుని ఉంటావు. నాకే తెలుసు, ఉంగరం మైనంలో నొక్కినవాళ్ళందరికీ తెలుసు. నీకు తెలియదా? పొరపాటు అనుకోలేకపోతున్నాను. నువ్వు కావాలనే చేశావు. నాన్న కొట్టిన దెబ్బలకు ఇన్నాళ్ళకు బదులు తీర్చుకున్నావు. ఆ ప్రశ్న అడిగినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

ఉత్సవం ఇంకా పదకొండు రోజులు. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ ఆయన్ని కడిగిన చేతులివి. గుడి చూసుకునేదాన్ని, ఆయన విషయంలో అబద్ధం ఆడలేను. ఆ రోజున అందరి ముందూ లేచి చెబుతాను. నాణేలు కరిగించేస్తారు. పొలెమాస్ హెరాక్లీస్‌కి మనిషిని పంపుతాడు. జరిగేది ఇదే. నువ్వు తెలుసుకోవాలని రాస్తున్నాను.

వర్తకుడు ఈ మధ్యాహ్నమే బయల్దేరుతున్నాడు. చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే అతను తిరిగొచ్చేటప్పుడు పంపు.

*

స్ముర్నా
ద్రాక్ష మాసం, తొమ్మిదో నాడు

నా చెల్లెలు మెలిత్తాకు జోయిలోస్.

ఈ ఉత్తరం కూడా బజారు రాతగాడే రాస్తున్నాడు. నేను చెబుతుంటే తల ఎత్తడం లేదు పాపం. మంచివాడు.

మెలిత్తా, నా కుడి చెయ్యి లేదు. ఉంది గానీ లేదు. నిరుడు చలి మొదట్లో, పనిపీట దగ్గర చక్రవర్తి చెవి చెక్కుతుంటే ఉలి జారింది. వంగి తీద్దామంటే చెయ్యి రాలేదు. భుజం నుంచి వేళ్ళ దాకా చచ్చుబడిపోయింది. నోరు కూడా కొన్నాళ్ళు వంకర పోయింది, అది సర్దుకుంది. యజమాని దయగలవాడు. పంపెయ్యలేదు. కుర్రవాళ్ళు చెక్కిన అచ్చులు మట్టిలో నొక్కి తప్పులు చూసే పనికి కూర్చోబెట్టాడు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వేమంటావో నాకు ముందే వినిపించింది. "ఆయన తీసుకున్నాడు" అంటావు. నేనే అనుకుంటున్నాను, నువ్వనడం వినలేను. ఎదురుగా చూసినవాణ్ణి, బొమ్మ గీసినవాణ్ణి. గీసిన చెయ్యే పోయింది. నలభై అయిదేళ్ళు ఆగి మరీ తీసుకున్నాడు. ఆయన్ని చెక్కమని నువ్వు రాసినప్పుడు భయం వేసింది. అందుకే హెరాక్లీస్ అన్నాను, డాలు అన్నాను. నామోషీ కాదు. నీ మీద ఒట్టు, నామోషీ కాదు.

నువ్వు ఏడ్చానని రాశాక ఇక ఆగలేకపోయాను. గదిలో తలుపేసుకుని, అచ్చును లక్కలో బిగించి, సుత్తి లేకుండా ఎడమ అరచేత్తో ఉలిని నెట్టుకుంటూ చెక్కాను. రెండు పాడయ్యాయి. మూడోది నిలిచింది. ఉలి ఎడమ చేతిలోకి వస్తే లోకమంతా తిరగబడిపోయింది చెల్లీ. తొమ్మిదేళ్ళప్పుడు చూసినవాణ్ణి చూసినట్టే, కుడి చెయ్యి లేకుండా, నా ఒంటి వంక చూసుకుంటూ చెక్కాను. తిప్పి చెక్కాలన్న ధ్యాసే రాలేదు. నలభై ఏళ్ళలో ఒక్కసారి మరిచిపోయాను.

మట్టిలో నొక్కి చూసుకోవచ్చు కదా అంటావు. రోజూ పదిమందివి నొక్కి చూసేవాణ్ణి. దీన్ని మాత్రం నొక్కలేదు. ఆయన మొహం మరోసారి ఎదురుగా చూడాలంటే ధైర్యం చాల్లేదు. గుడ్డలో చుట్టి అలాగే ఇచ్చేశాను.

సభలో నిజం చెప్పెయ్యి. తప్పు నాదని నా పేరు పెట్టి చెప్పు. కరిగించెయ్యమను. నువ్వు అబద్ధం ఆడకు. నాన్నకు కొడుకువి నువ్వే.

నీ అన్న.

*

పెరాస్సా
ద్రాక్ష మాసం, పద్దెనిమిదో నాడు

అన్నయ్యా,

ఈసారి కుశల ప్రశ్నలు పెట్టను. నీ ఉత్తరం ఉత్సవం రోజు పొద్దున్నే అందింది. చదివి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఎన్నెన్ని మాటలన్నాను నిన్ను! చీమలన్నాను, పరాయివాడివన్నాను. నా నోరు పడిపోను.

ముందు నిన్న జరిగింది చెప్పాలి.

గుడి నిండా జనం. కప్పు వేశాం కదా, నీ సంచితో, కొత్త పెంకుల వాసన ఇంకా పోలేదు. గూడు ఖాళీ. నేను లేచి నిలబడ్డాను. "అయ్యలారా, అమ్మలారా, నాణెం మీద తప్పు జరిగింది. ఆయనకు లేనిది కుడి చెయ్యి. దీని మీద ఎడమది లేదు" అన్నాను. నీ పేరు చెప్పలేదు, క్షమించు, చెప్పలేకపోయాను.

పొలెమాస్ వెంటనే అందుకున్నాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా లేదా? హెరాక్లీస్ అయితే రెండు చేతులూ ఉండేవి, తప్పుకు చోటే లేదు!" అన్నాడు. కొందరు నవ్వారు. కరిగించాల్సిందే అన్నారు ఎవరో.

లల్లా అవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఏదీ, ఇటు తే" అని ఎడమ చెయ్యి చాపింది. నాణెం ఇచ్చాను. కంటికి ఆనించుకుని చూసింది. చూసి చూసి, అన్నయ్యా, గుండెకు హత్తుకుంది. "వచ్చావా నాయనా! ఇన్నాళ్ళకు వచ్చావా!" అంది.

"చెయ్యి చూడవే అవ్వా, చెయ్యి మారింది" అన్నాడు పొలెమాస్.

అవ్వ వాడి మీద విరుచుకుపడింది. "మారిందా? నువ్వెప్పుడైనా ఆయన్ని ఎదురుగా చూశావుట్రా? నీ బాబు చూశాడా? ఎనభై ఏళ్ళుగా చూస్తున్నాను, అద్దంలో ఆయన ఇలాగే ఉంటాడు. ఆ చెయ్యి అటే లేదు. ఇది తప్పంటే నా కళ్ళు తప్పు, మా అమ్మ కళ్ళు తప్పు!"

నాణెం చేతులు మారింది. ఒక్కొక్కళ్ళూ తీసుకోవడం, "అవును, ఈయనే" అనడం. అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నారు. పొలెమాస్ చేతికి వచ్చేసరికి వాడూ చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎత్తుకుని అద్దంలో చూపించేదట. నాణెం పక్కవాడికి అందించాడు.

నేను గోడకానుకుని నిలబడిపోయాను. ఊరంతా చూసింది అద్దంలో బొమ్మనే. దానికి ఇది అచ్చం సరిపోయింది. ఇది తప్పని తెలిసినవాళ్ళం లోకం మొత్తం మీద ఇద్దరమే, నువ్వూ నేనూ. నువ్వు తిప్పి చెక్కి ఉంటే నాకు మాత్రమే నచ్చేది. ఊరికి ఆయన పరాయివాడిలా కనబడేవాడు.

అప్పుడు ఇంకొకటి తట్టింది. నాణెం అద్దమైతే, అచ్చు ఎవరు? అచ్చులో కుడి చెయ్యి లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఉన్నాడు కదా ఆయన! సాయంత్రం సభలో చెప్పాను. ఈసారి గుమ్మం దగ్గర్నుంచి కాదు, లోపలికి పిలిచారు. ఆ అచ్చు గూట్లో పెడతాం. ఎప్పటిలాగే ఎవరూ నేరుగా చూడరు. అద్దం దగ్గరగా జరిపి అందులోనే చూస్తారు. అందరూ ఒప్పుకున్నారు. ఆ అచ్చు ఇమ్మని కమ్మటం యజమానికి సభ రాసిన ఉత్తరం ఇందులోనే ఉంది.

గూడు సిద్ధం చేద్దామని ఇవాళ పొద్దున పీట రాయి ఎత్తించాం. దాని కింద, కొయ్య విగ్రహం పాదాలు సరిగ్గా ఎక్కడుండేవో అక్కడ, ఉన్ని గుడ్డలో చుట్టిన పెంకు ముక్క దొరికింది. బొగ్గుతో గీసిన బొమ్మ. సగం చెరిగింది. ఒంటిచేతి మనిషి, తల పెద్దది, కాళ్ళు పొట్టివి. నువ్వు గీసిందే.

ఆ రాయి ఎత్తగలవాడు, ఎత్తే హక్కున్నవాడు అప్పట్లో నాన్న ఒక్కడే. నిన్ను కొట్టాడు, ఊరు దాటించాడు. నువ్వు గీసింది మాత్రం తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర దాచాడు. ఒక్కనాడూ నాతో అనలేదు, ముసలాడు! నలభై అయిదేళ్ళు నీ బొమ్మ మీద నిలబడ్డాడయ్యా థెర్సోన్. కోపమే ఉంటే ఆ పెంకును పిండి చేసి ఉండేవాడు కాదూ? పైకప్పు పడి ఆయన పొడి అయ్యాడు. అది మాత్రం పగల్లేదు.

ఆయన నీ చెయ్యి తీసుకోలేదు. చెయ్యి జబ్బు తీసుకుంది. నేను నెల నెలా ఎదురుగా చూస్తూ కడిగినదాన్ని, నాకు రెండూ ఉన్నాయి. నా మాట నమ్ము.

అచ్చు వర్తకుడి చేతికి ఇవ్వొద్దు. నువ్వే తీసుకురా. ఇక్కడ ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఎడమ చేత్తోనే. నీ కుడి చేతి వంక చూసేవాడు ఉండడు.

నీ చెల్లెలు, నోరున్నది, సిగ్గుపడుతున్నది,
మెలిత్తా.

*

స్ముర్నా
ఒలీవు కోతల మాసం, మొదటి నాడు

చెల్లీ,

రాతగాణ్ణి ఇవాళ పిలవలేదు. ఇది నా రాతే. చీమలే, మళ్ళీ సిరాలో పడ్డాయి.

కలం ఎడమ చేతికి ఇస్తే అది అచ్చు మీద చెక్కినట్టే తిరగేసి రాస్తోంది. ఎంత ప్రయత్నించినా సరిగ్గా రావడం లేదు. కంగారు పడకు, అద్దం ముందు పట్టి చదవమని వర్తకుడితో చెప్పి పంపాను. అద్దం నీ దగ్గరే ఉంది కదా.

పెంకు సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు సిగ్గుపడకుండా రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను.

నిన్న అచ్చును మట్టిలో నొక్కాను. చూశాను. ఆయన మొహంలో కోపం లేదు. నాన్న పోలిక ఉంది.

యజమాని సెలవిచ్చాడు. అచ్చు మెళ్ళో కట్టుకున్నాను. గాడిద మీద నాలుగు రోజులు పడుతుంది. మధ్యాహ్నం వేళ వస్తాను. ఎడమ చేత్తో తడతాను. తలుపు తియ్యి.